రంది, బుగులు: ఆలోచనను ప్రశ్నించే ముందు

(ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశంలో మాట్లాడమని పిలిచినప్పుడు నాకు ఇచ్చిన అంశం 'యువతుల్లో మానసిక ఒత్తిడి'. ఒత్తిడి అనే మాటను ఇప్పుడు అందరూ అన్నిటికీ వాడుతున్నారు. ఎక్కువగా వాడటం వల్ల ఆ మాటలో బరువు తగ్గిపోయింది. మన జిల్లాల్లో ఆడవాళ్లు తరతరాలుగా వాడుకుంటున్న మాటలు రెండున్నాయి. ఒకటి రంది, రెండోది బుగులు. మనసు కుంగిపోయి, తిండి సయించక, నిద్రపట్టక, ఎవరితో మాట్లాడబుద్ధి కాకుండా పోవడాన్ని రంది అంటారు. ఏదో జరుగుతుందని గుండె దడదడలాడుతూ, కాళ్లూ చేతులూ చల్లబడుతూ ఉండటాన్ని బుగులు అంటారు. డాక్టర్లు డిప్రెషన్, యాంగ్జయిటీ అని చెప్పేవి చాలావరకు ఇవే. అందుకని ఈ రోజు నేను ఈ మాటలతోనే మాట్లాడతాను.

ముందుగా నా తప్పొకటి ఒప్పుకోవాలి. ఇరవై ఏళ్ల క్రితం పరిశోధన కోసం మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతంలో బీడీలు చేసే స్త్రీల ఇళ్లకు తిరిగేదాన్ని. ఒక ఇంట్లో తల్లి చాటలో ఆకు కత్తిరిస్తూ నన్ను అడిగింది: "నా బిడ్డకు రంది వట్టింది బిడ్డా. తినది, పండది, మాట్లాడది. సదువుకున్నోళ్లు గద, ఏం జెయ్యాల్నో చెప్పున్రి." లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకున్న పదిహేడేళ్ల అమ్మాయి వీపు నాకు కనిపిస్తూనే ఉంది. నేను నా ప్రశ్నాపత్రంలో 'బీడీ పని వల్ల కలిగే ఆరోగ్య సమస్యలు' అన్న గడిలో ఒక టిక్కు పెట్టుకున్నాను. ఆ తల్లికి మాత్రం ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

ఎందుకు లేదు అన్నది ఆలోచించవలసిన విషయం. స్త్రీల ఉద్యమం మానసిక వైద్యాన్ని మొదటి నుంచీ అనుమానంగానే చూసింది. మొగుడు కొడుతుంటే ఏడ్చే మనిషికి నిద్రమాత్రలిచ్చి పంపే వైద్యాన్ని, అత్తింటి హింసను 'హిస్టీరియా' అని రాసే వైద్యాన్ని ఎట్లా నమ్మగలం? ఆ అనుమానం న్యాయమైనదే. స్త్రీ దుఃఖానికి కారణం ఆమె బుర్రలో కాదు, ఆమె బతుకులో ఉందని మనం గట్టిగా చెప్పాం. 1991లో స్త్రీశక్తి సంఘటన 'సవాలక్ష సందేహాలు' పుస్తకం తెచ్చినప్పుడు, మన శరీరాల గురించి డాక్టర్లు చెప్పేది వినడమే కాదు, మనమే తెలుసుకుని మాట్లాడాలన్న ధైర్యం చాలామందికి వచ్చింది. అయితే మనసు దగ్గరికి వచ్చేసరికి మనం ఆ పని అంతగా చేయలేదు. సమాజం మారితే రంది పోతుందని అనుకున్నాం. సమాజం మారేలోగా గోడవైపు తిరిగి పడుకున్న ఆ పిల్లకు ఏం చేయాలి?

ఈ ప్రశ్నే నన్ను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, క్లుప్తంగా సీబీటీ అనే పద్ధతి గురించి చదివేట్టు, కొంత శిక్షణ కూడా తీసుకునేట్టు చేసింది. అందులో మనకు పనికొచ్చేది ఏమిటి, మనం జాగ్రత్తపడవలసింది ఏమిటి అన్నదే ఈ రోజు మీ ముందు పెట్టదలుచుకున్నాను.

2019 ఏప్రిల్

మనందరికీ గుర్తున్న సంఘటనతో మొదలుపెడతాను. 2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వచ్చాయి. పరీక్ష రాసిన 9 లక్షలకు పైగా పిల్లల్లో 3 లక్షలకు పైగా ఫెయిలయ్యారని ప్రకటించారు. ఆ తర్వాతి రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఫలితాల తయారీలో లోపాలున్నాయని తల్లిదండ్రులు, విద్యార్థి సంఘాలు రోడ్డెక్కాక ప్రభుత్వం త్రిసభ్య కమిటీ వేసింది. ఫెయిలైన వారందరి జవాబు పత్రాలనూ ఉచితంగా తిరిగి పరిశీలించమని ఆదేశించింది. అట్లా చూసినప్పుడు వెయ్యి మందికి పైగా పాసయ్యారు. ఈ ఉమ్మడి ఆదిలాబాద్‌లోనే, మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చిందని మెమోలో చూపించారు. తిరిగి చూస్తే ఆమెకు వచ్చినవి 99 మార్కులు.

ఈ సంఘటన గురించి రెండు రకాల మాటలు విన్నాం. 'ఈ కాలం పిల్లలకు మనోధైర్యం లేదు' అన్నవాళ్లు కొందరు. 'ఇది పూర్తిగా బోర్డు తప్పిదం, పిల్లల మనసుతో దీనికేం సంబంధం' అన్నవాళ్లు ఇంకొందరు. మొదటి మాట అన్యాయం. రెండో మాటలో న్యాయం ఉంది గాని, అది అక్కడితో ఆగిపోతుంది. మెమో తప్పని తేలేదాకా ఆ పిల్ల రాత్రిళ్లు ఎట్లా గడపాలి? నిజంగానే ఫెయిలైన లక్షల మంది పిల్లల మాటేమిటి? జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. అదే ఏడాది ఆత్మహత్య చేసుకున్న గృహిణులు 25 వేల మందికి పైనే. ఈ రెండు లెక్కలను మనం విడివిడిగా చదువుతుంటాం. ఇంటర్ తప్పగానే పెళ్లయి, రెండేళ్లకే గృహిణి అని రాయించుకునే పిల్ల ఏ లెక్కలోకి వస్తుందో ఆలోచించండి.

ఈ పద్ధతి ఏం చెబుతుంది?

1960లలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఆరన్ బెక్ అనే మానసిక వైద్యుడు కుంగుబాటుతో వచ్చేవాళ్ల మాటలు జాగ్రత్తగా విన్నాడు. వాళ్లకు ఏదన్నా జరగగానే మెరుపులా కొన్ని ఆలోచనలు వస్తున్నాయనీ, అవి తమ గురించీ, లోకం గురించీ, రేపటి గురించీ చీకటిగానే ఉంటున్నాయనీ, వాటిని వాళ్లు ఎన్నడూ పరీక్షించి చూడటం లేదనీ గమనించాడు. ఆలోచన, మనసులో బాధ, ఒంట్లో మార్పు, మనం చేసే పని – ఈ నాలుగూ ఒకదాన్నొకటి లాగుతుంటాయన్నది ఈ పద్ధతికి పునాది.

ఒక ఉదాహరణ చూద్దాం. హాస్టల్లో ఉండే అమ్మాయి స్లిప్ టెస్టులో తక్కువ మార్కులు తెచ్చుకుంది. 'నాతోని ఏదీ కాదు' అన్న ఆలోచన వచ్చింది. మనసు కుంగింది. తల నొచ్చింది. రెండు రోజులు క్లాసుకు పోకుండా పడుకుంది. క్లాసులు పోయేసరికి తర్వాతి పరీక్షలో ఇంకా తగ్గాయి. 'చూశావా, నాతోని ఏదీ కాదు' అన్న మాట ఇంకా గట్టిపడింది. ఇదొక సుడి. దీంట్లో ఎక్కడో ఒకచోట అడ్డుకట్ట వేయాలి.

అడ్డుకట్ట వేసే మార్గాలు మూడున్నాయి. మొదటిది పని. రంది పట్టిన మనిషి ఒక్కొక్క పనే మానేస్తుంది. ముందు స్నేహితురాలి ఇంటికి పోవడం, తర్వాత తల దువ్వుకోవడం, చివరికి అన్నం తినడం. మనసు బాగైతే పని చేస్తాననుకుంటుంది. ఈ పద్ధతిలో మాత్రం దాన్ని తిరగేసి, పని మొదలుపెడితే మనసు కొంత కదులుతుందంటారు. అది కూడా చిన్న పనే ఉండాలి. ఈ రోజు లేచి స్నానం చేయడం, రేపు వాకిట్లో కాసేపు కూర్చోవడం, ఎల్లుండి పక్కింటి దోస్తును పిలవడం. ఏ పని చేసినప్పుడు మనసు ఏ మాత్రం తేలికయిందో నోటుబుక్కులో రాసుకోమంటారు.

రెండోది భయపడే చోటుకు మెట్లు కట్టడం. బుగులు పుట్టిన చోటుకు పోకపోతే ఆ పూటకు హాయిగానే ఉంటుంది, కాని బుగులు పెరుగుతుంది. సుల్తానాబాద్ పక్క ఊరి నుంచి కరీంనగర్ కాలేజీకి బస్సులో రావడానికి భయపడే పిల్ల మొదటి రోజు బస్టాండు దాకా, తర్వాత తోడుతో రెండు స్టేజీలు, ఆ తర్వాత మొత్తం దారి – ఇట్లా ఒక్కో మెట్టు ఎక్కుతుంది.

మూడోది ఆలోచనను రాసి, దాన్ని ప్రశ్నించడం. ఈ ఆలోచనకు రుజువేమిటి? దీనికి విరుద్ధమైన రుజువేమన్నా ఉందా? ఇదే కష్టం నీ దోస్తుకు వస్తే ఆమెకు ఏం చెబుతావు? సాధారణంగా వారానికొకసారి కూర్చుని, రెండు మూడు నెలల్లో ఈ పని నేర్పుతారు. నేర్చుకున్న మనిషి తర్వాత తనకు తానే చేసుకోగలగాలన్నది ఉద్దేశం. ఈ గుణం నాకు నచ్చింది. డాక్టరు మీదనో బాబా మీదనో జీవితాంతం ఆధారపడనక్కరలేదు.

యుక్తవయసు పిల్లల్లో కుంగుబాటుకూ, అంతకంటే ఎక్కువగా ఆందోళనకూ ఈ పద్ధతి పనిచేస్తుందని అనేక దేశాల్లో పరీక్షించి చూశారు. అందరికీ పనిచేయదు. జబ్బు తీవ్రంగా ఉన్నప్పుడు, చెవుల్లో గొంతులు వినిపిస్తున్నప్పుడు, చనిపోవాలన్న ఆలోచన గట్టిగా ఉన్నప్పుడు మానసిక వైద్యుల దగ్గరికి తీసుకుపోవాలి, అవసరమైతే మందులు వాడాలి. మందులంటే మనకున్న వ్యతిరేకత మందు అవసరమైన పిల్లకు శిక్ష కాకూడదు.

రుజువులు లెక్కపెట్టిన అమ్మాయి

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

శిక్షణ తీసుకున్న కొత్తలో ఈ జిల్లాలోని ఒక కాలేజీ హాస్టల్లో అమ్మాయిలతో మాట్లాడటానికి వెళ్లాను. ఒక అమ్మాయి నెల రోజులుగా నిద్రపోవడం లేదు. పుస్తకం పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. గాలి సోకిందని వాళ్ల అమ్మ తాయెత్తు కట్టించింది. ఏం బుగులని అడిగితే ఒక్కటే మాట చెప్పింది. "ఇంటర్ల ఫెయిలైతే పెండ్లి జేస్తరు మేడం."

నేను నేర్చుకున్న పాఠం ప్రకారం అడిగాను: "ఆ ఆలోచనకు రుజువేంటమ్మా?"

ఆ పిల్ల నా మొహంకేసి వింతగా చూసింది. తర్వాత వేళ్లు మడిచింది. "మా అక్కకు జేసిన్రు. మా చిన్నమ్మ బిడ్డకు జేసిన్రు. నాతోని పది సదివినోళ్లల్ల ముగ్గురికి జేసిన్రు. మా నాయిన దుబాయిల ఉన్నడు, వచ్చే ఎండకాలం వస్తడు. సంబంధం జూసి పెట్టిన్రు మేడం." ఒక చేతి వేళ్లు అయిపోయి రెండో చేతికి వచ్చింది. నా దగ్గర తర్వాతి ప్రశ్న లేదు. దీర్ఘంగా ఊపిరి తీసుకుని వదలడం నేర్పి వచ్చేశాను. మళ్లీ వెళ్లేసరికి ఆ అమ్మాయి హాస్టల్లో లేదు. పెళ్లయిపోయిందని తోటి పిల్లలు చెప్పారు. పరీక్షలింకా రాయనే లేదు. అప్పటికి ఆమె వయసు పదిహేడు.

ఆమె ఆలోచనలో తప్పేమీ లేదు. అది ఉన్నదున్నట్టు చెప్పిన వాంగ్మూలం. దాన్ని నేను జబ్బు లక్షణంలా విన్నాను. నేను చేయవలసిన పని ఊపిరి నేర్పడం కాదు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని పిల్లకు పెళ్లి చేయడం నేరమని నాకు తెలుసు. 1098కి ఫోన్ చేయవచ్చని తెలుసు. మీలాంటి కార్యకర్తలు ఆ ఊళ్లో ఉన్నారనీ తెలుసు. సమాజశాస్త్రంలో డాక్టరేటు చేసిన నేను ఆ గంటసేపు సమాజాన్ని మర్చిపోయాను.

అప్పటి నుంచి ఈ పద్ధతికి ముందు ఒక మెట్టు ఉండాలని నేను చెబుతున్నాను. ఆలోచనను ప్రశ్నించే ముందు అది నిజమేమో చూడాలి. నోటుబుక్కులో రెండు వరుసలు గీయాలి. ఆ అమ్మాయి మనసులో నిజానికి రెండు రకాల ఆలోచనలున్నాయి. 'ఫెయిలైతే పెండ్లి జేస్తరు' అన్నది నిజం. దానికి జవాబు ఆమె బుర్రలో దొరకదు. సంఘం, చట్టం, తండ్రితో మాట్లాడే నలుగురు మనుషులు దానికి జవాబు. 'నాతోని ఏదీ కాదు, నేను చెప్పినా ఎవరూ వినరు, నేనొక్కదాన్నే ఇట్ల' అన్నవి రెండో రకం. వీటిని ప్రశ్నించవచ్చు, ప్రశ్నించాలి. ఎందుకంటే అవి ఆ పిల్లను మన దాకా రానివ్వవు, నోరు విప్పనివ్వవు. మొదటి వరుసను మర్చిపోతే మన చికిత్స సర్దుకుపొమ్మని చెప్పే పెద్దమనుషుల పంచాయితీ అవుతుంది. రెండో వరుసను మర్చిపోతే మన ఉద్యమం చేయి చాచినా పట్టుకునే శక్తి ఆ పిల్లకు ఉండదు.

ఇదే గీతతో మిగతా ఉదాహరణలూ చూడండి. బస్సుకు భయపడే పిల్ల దగ్గరికి మళ్లీ వద్దాం. ఆ బస్సులో ఎవడన్నా ఆమె మీద చెయ్యి వేశాడా అని అడగకుండా మెట్లు కట్టకూడదు. వేసి ఉంటే షీ టీంకు ఫిర్యాదు మొదటి మెట్టు, తోడు రెండో మెట్టు, ఆ తర్వాతే ప్రయాణం. ఉట్నూరు వైపు నుంచి వచ్చి మైదానంలో చదివే గోండు పిల్ల 'నా తెలుగు విని నవ్వుతరు' అంటుంది. ఎదుటివాళ్ల మనసులో ఉన్నది ఊహించుకుని బాధపడటం ఒక ఆలోచనా దోషమని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. ఆ పిల్ల ఊహించుకోవడం లేదు. వాళ్లు నిజంగానే నవ్వుతున్నారు. సరిచేయవలసింది ఆ క్లాసును. 2022 జూన్‌లో బాసర ట్రిపుల్ ఐటీ విద్యార్థులు వేలమంది వారం రోజుల పాటు ఎండనకా వాననకా గేటు దగ్గర కూర్చున్నారు. తిండి, వసతులు, అధ్యాపకుల కొరత గురించి అడిగారు. ఆ పిల్లలకు ముందు కౌన్సెలింగు ఇద్దామని ఎవరన్నా అని ఉంటే మనం ఊరుకునేవాళ్లమా? అక్కడ కావలసింది మంచి అన్నం. దానితోపాటు, కుంగిపోయిన పిల్ల తలుపు తట్టడానికి ఒక కౌన్సెలరు కూడా కావాలి.

ఎవరు చేయాలి?

ఇదంతా డాక్టర్ల పని కదా అని మీరు అడగవచ్చు. 2015–16లో బెంగళూరు నిమ్హాన్స్ 12 రాష్ట్రాల్లో చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో సుమారు 7 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. కుంగుబాటు, ఆందోళన వంటి సాధారణ సమస్యలున్న పెద్దవాళ్లలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని కూడా తేలింది. అంతమందికి సరిపడా సైకియాట్రిస్టులు ఎక్కడా లేరు.

పాకిస్తాన్‌లో రావల్పిండి పల్లెల్లో ఒక ప్రయోగం చేశారు. మన ఆశా కార్యకర్తల వంటి లేడీ హెల్త్ వర్కర్లకు ఈ సీబీటీ పద్ధతిని తేలిక మాటల్లో నేర్పి, కుంగిపోయిన గర్భిణుల ఇళ్లకు పంపారు. జబ్బు పేరు ఎత్తలేదు, బిడ్డ ఆరోగ్యం పేరుతో వెళ్లారు. 2008లో అచ్చయిన ఫలితాల ప్రకారం, కాన్పయిన ఆరు నెలలకు ఈ సాయం అందినవాళ్లలో 23 శాతం మందికీ, అందనివాళ్లలో 53 శాతం మందికీ కుంగుబాటు మిగిలింది. గోవాలో డాక్టర్లు కాని మామూలు మనుషులకు శిక్షణ ఇచ్చి, నేను మొదట చెప్పిన పని మార్గాన్ని ఆరు నుంచి ఎనిమిది సార్లు కూర్చుని నేర్పిస్తే, తీవ్రమైన కుంగుబాటు ఉన్న పెద్దవాళ్లు కూడా కోలుకున్నారు. అంటే ఇది మన చేతికి అందే పనే.

బీహార్‌లో నలందా జిల్లా బడుల్లో జరిగిన ఇంకొక ప్రయోగం మనకు మరీ ముఖ్యం. అది సీబీటీ కాదు, బడి వాతావరణాన్నే మార్చే కార్యక్రమం. ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో టీచర్ల చేత, కొన్ని బడుల్లో బయటి నుంచి వచ్చిన శిక్షణ పొందిన కౌన్సెలర్ల చేత నడిపించారు. కౌన్సెలర్లు నడిపిన బడుల్లో పిల్లల కుంగుబాటు తగ్గింది. టీచర్లు నడిపిన చోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణాలు అనేకం ఉండవచ్చు. నా అనుభవంలో మాత్రం, మార్కులు వేసే మనిషికీ, ఇంటికి ఫోన్ చేసి చెప్పే వార్డెన్‌కూ ఆడపిల్ల మనసులో మాట చెప్పదు. మన హాస్టళ్లలో ఒక టీచరుకు రెండు రోజుల శిక్షణ ఇచ్చి కౌన్సెలరు అని బోర్డు పెడితే మనం ఒప్పుకోకూడదు.

ఇంకొక హెచ్చరిక. నేను చెప్పిన ప్రయోగాలన్నిట్లో పనిచేసేవాళ్ల వెనక అనుభవజ్ఞుల పర్యవేక్షణ ఉంది. ఆ ఊతం లేకుండా ఈ పని నెత్తిన వేసుకోవడం ప్రమాదం. అట్లాగే ఈ భారాన్ని కూడా ఆశా కార్యకర్తల మీదా, అంగన్‌వాడీ టీచర్ల మీదా జీతం పెంచకుండా వేస్తామంటే, ఆడవాళ్ల సేవ ఉచితంగా దొరుకుతుందన్న పాత దోపిడీనే మానసిక ఆరోగ్యం పేరుతో కొనసాగించినట్టు.

దయ కాదు, హక్కు

ఇది హక్కుల పత్రిక కాబట్టి హక్కుల మాట స్పష్టంగా చెప్పుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29న అమల్లోకి వచ్చింది. ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే సేవల నుంచి మానసిక వైద్యం పొందే హక్కు ప్రతి మనిషికీ ఉందని దాని 18వ సెక్షన్ చెబుతుంది. ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉందనే భావించాలనీ, శిక్షించకూడదనీ, ఆమెకు వైద్యం, పునరావాసం ఇవ్వడం ప్రభుత్వ బాధ్యతనీ 115వ సెక్షన్ అంటుంది. ఆత్మహత్యా ప్రయత్నాన్ని నేరంగా చూసిన పాత 309వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయసంహితలో లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నుంచి అడ్డుకోవడానికి చేసే ప్రయత్నం మాత్రమే నేరంగా మిగిలింది. పోలీసు కేసవుతుందని భయపడి పిల్లను ఆసుపత్రికి తీసుకుపోని తల్లిదండ్రులకు ఈ మాట చెప్పండి.

2022 అక్టోబర్ 10న మొదలైన టెలీమానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లు ఉచితంగా దొరుకుతుంది. తెలుగులో మాట్లాడవచ్చు. అయితే ఫోను తండ్రి చేతిలోనో అన్న చేతిలోనో ఉన్న పిల్ల ఎట్లా చేస్తుంది? మన సంఘం ఆఫీసులో ఒక ఫోను, తలుపు వేసుకునే ఒక గది ఆ పిల్లకు ఇవ్వగలమా? గోండి, కొలామీ మాట్లాడే పిల్ల ఎవరితో మాట్లాడాలి? ఈ ప్రశ్నలు ఐటీడీఏను అడగాలి. 2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటున్న ఒక విద్యార్థిని మృతి కేసులో తీర్పునిస్తూ, వందమంది లేదా అంతకంటే ఎక్కువ మంది విద్యార్థులున్న విద్యాసంస్థలు కనీసం ఒక అర్హులైన కౌన్సెలర్‌ను నియమించుకోవాలని ఆదేశించింది. మన జిల్లాల్లో ఎన్ని కాలేజీల్లో, ఎన్ని కోచింగ్ సెంటర్లలో కౌన్సెలర్లున్నారో లెక్క తీయడం మనం మొదలుపెట్టవలసిన పని. వాళ్లలో స్త్రీలెందరు, చెప్పిన మాట గోప్యంగా ఉంచుతున్నారా అన్నదీ చూడాలి.

చికిత్సతో పాటు కారణాల మీదా కొట్లాడాలి. తమిళనాడులో 2000ల తొలి ఏళ్లలో, ఫెయిలైన పిల్లలు ఏడాది పోగొట్టుకోకుండా నెలా రెండు నెలల్లోనే మళ్లీ పరీక్ష రాసే వీలు కల్పించాక, పరీక్ష తప్పి ప్రాణాలు తీసుకునే పిల్లల సంఖ్య తగ్గింది. మన దగ్గరా సప్లిమెంటరీ పరీక్షలున్నాయి. ఫలితాల రోజునే ఆ తేదీ, ఫీజు, రీవెరిఫికేషన్ దారి ప్రతి ఇంటికీ తెలిసేట్టు చేయడం మన చేతిలో ఉన్న పని. ఫలితాలొచ్చిన వారం రోజులు ఊళ్లలో తిరగండి. పత్తి చేలున్న ఇళ్లలో పురుగుమందు డబ్బాలకు తాళం వేయించండి. అనుమానమున్న పిల్లను సూటిగానే అడగండి: "సచ్చిపోవాలనిపిస్తాందా బిడ్డా?" అడిగితే ఆ ఆలోచన మనమే పుట్టించినట్టవుతుందని భయపడతాం. అట్లా జరగదు. అడిగేవాళ్లు ఉన్నారని తెలిస్తే పిల్ల నోరు విప్పుతుంది. ఔనంటే ఒంటరిగా వదలకండి, అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకుపోండి.

ముగించే ముందు మళ్లీ ఆ బీడీల ఇంటికి వెళ్తాను. ఆ అమ్మాయి ఏమైందో నాకు తెలియదు. ఆ ఇల్లు వెతుక్కుంటూ తర్వాత ఒకసారి వెళ్లాను. వాళ్లు అక్కడ లేరు. ఆ రోజు ఆ తల్లి నన్ను అడిగింది చాలా చిన్న ప్రశ్న. ఈ రోజైతే నేను ప్రశ్నాపత్రం పక్కన పెట్టి, లోపలి గదిలోకి వెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుంటాను. ఏం జరిగిందని అడుగుతాను. చెప్పింది ముందు నమ్ముతాను. ఆమె చెప్పినదాంట్లో దేని మీద మనమంతా కలిసి కొట్లాడాలో, దేన్ని ఆమె తన మనసులోనే ఎదిరించాలో ఇద్దరం కలిసి విడదీస్తాం. తర్వాత, లేచి వాకిట్లోకి రమ్మంటాను.

మీ మీ ఊళ్లలో ఇట్లాంటి పిల్లలతో మీకు ఎదురైన అనుభవాలు, ముఖ్యంగా మనం ఓడిపోయిన అనుభవాలు, ఇప్పుడు చర్చలో చెప్పమని కోరుతున్నాను. నావి చెప్పాను. ఇక మీరు చెప్పండి.